ఏడో చేప కూడా ఎండిపోయింది: మీ టైల్స్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: కథ బొమ్మల సిరామిక్ టైల్స్‌లో బొమ్మ తప్పు, రంగు ఊడిపోవడం.

అయ్యా,

మా వంటింట్లో స్టవ్ వెనక గోడకి పెట్టుకోవడానికి మీ దగ్గర ఎనిమిది టైల్స్ చేయించుకున్నాం. ఒక్కోటి ఆరంగుళాల చదరం, 650 రూపాయల చొప్పున మొత్తం 5,200. రాజుగారి ఏడుగురు కొడుకుల కథ. వేటకెళ్ళిన కొడుకులు, ఎండబెట్టిన చేపలు, గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చే పిల్లాడు, చివర్న పుట్ట మీద చీమ. మీ దగ్గర సిండ్రెల్లా సెట్టు రెడీగా ఉన్నా, మా అత్తగారు మనవడికి అన్నం పెడుతూ చెప్పేది ఈ కథే కాబట్టి విడిగా గీయించుకున్నాం.

మీరు వాట్సాప్‌లో పంపిన నమూనాలో రెండో టైల్ చక్కగా ఉంది. ఆరు చేపలు ఎండి ముడుచుకుపోయి ఉంటే, ఏడోది గడ్డిమేటు నీడలో తడిగా మెరుస్తోంది. మేం ఓకే అన్నది దానికి. తీరా వచ్చిన టైల్ మీద ఏడు చేపలూ ఒకే తీరున, బారుగా, ఎండిపోయి ఉన్నాయి. ఒక చేపని గీసి ఏడుసార్లు కాపీ కొట్టినట్టున్నారు. అన్నీ ఎండిపోయాక ఇక గడ్డిమేటుని అడిగేదేముంది, ఆవుని అడిగేదేముంది? నాలుగేళ్ల మా వాడు మొదటి రోజే పట్టేశాడు. "నానమ్మా, అన్నీ ఎండిపోయాయిగా!" అన్నాడు. ఆవిడ ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

పెట్టె విప్పగానే సరిచూసుకోకపోవడం మా పొరపాటే. మేస్త్రీ మళ్ళీ దొరకడన్న టెన్షన్‌లో అతికించేశాం.

రెండో సంగతికి మాత్రం పూర్తిగా మీరే బాధ్యులు. "చేత్తో రంగులేసి బట్టీలో కాల్చినవి" అని మీ ప్రకటనలోనూ ఉంది, రసీదులోనూ ఉంది. మూడు వారాలకే, పోపు చిందిన మరకల్ని గిన్నెల సబ్బుతో తుడుస్తుంటే చీమ పోయింది. అవ్వ చీర అంచు కూడా సగం చెరిగింది. స్టవ్‌కి దగ్గరగా ఉన్న రెండు టైల్స్ పచ్చబడ్డాయి. మేస్త్రీ వచ్చి గోటితో అంచు గీకి చూసి, "ఇవి కాల్చినవి కాదమ్మా, కాఫీ మగ్గుల మీద ఫొటోలేస్తారే, ఆ రకం" అన్నాడు.

సిరామిక్ రంగులు వేసి 700–850 డిగ్రీల వేడిలో కాలిస్తే అవి గ్లేజుకి (టైల్ పైనుండే గాజులాంటి పూతకి) పట్టుకుపోతాయి, తడిగుడ్డకి రావు. మగ్గుల రకంలోనైతే టైల్ మీద ప్లాస్టిక్ లాంటి పూత పూసి, కాగితం మీది ప్రింటుని సుమారు 200 డిగ్రీల హీట్ ప్రెస్‌తో అందులోకి ఎక్కిస్తారు. హాల్లో గోడకైతే అదీ బాగానే ఉంటుంది, నాకేం చిన్నచూపు లేదు. కానీ స్టవ్ వెనక పెడతామని మీకు ముందే చెప్పాం.

ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ వాళ్ళు డిజైనర్‌ని అడగమన్నారు. డిజైనర్ ప్రింటింగ్ వాళ్ళని అడగమన్నారు. ప్రింటింగ్ వాళ్ళేమో మా మేస్త్రీ సరిగ్గా అతికించలేదన్నారు. స్పీకర్‌లో ఇదంతా విని మా అత్తగారు ఒకటే నవ్వు.

నాకు డబ్బు కంటే టైల్సే కావాలి. ఒప్పుకున్న నమూనా ప్రకారం, నిజంగా కాల్చిన ఎనిమిది టైల్స్ మళ్ళీ చేసివ్వండి. పంపేముందు ఫొటో చూపించండి. పాతవి పీకి కొత్తవి అతికించే కూలి 1,800 రూపాయలు మీరే భరించాలి. కుదరకపోతే ఆ కూలితో కలిపి 7,000 వాపసు ఇవ్వండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. రసీదు, మీ నమూనా, టైల్స్ ఫొటోలు జత చేశాను.

ఇట్లు,
మీ వినియోగదారు

తా.క.: ఈసారి చీమని కాస్త పెద్దదిగా గీసినా పర్వాలేదు.