ఓడలో వచ్చిన జబ్బుకు రుజువు ఎవరు తేవాలి?

అంతర్జాతీయ కార్మిక సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,
జెనీవా.

అయ్యా,

ఇరవై నాలుగేళ్లు ఇంజిన్ రూముల్లో పనిచేసి, చీఫ్ ఇంజినీరుగా రిటైరైనవాణ్ణి. నా కింద పనిచేసిన ఒక ఆయిలర్ (ఇంజిన్ యంత్రాలకు నూనె పట్టే కార్మికుడు) గురించి చెప్పి అసలు విషయానికి వస్తాను. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి అతని పేరు గానీ, కంపెనీ పేరు గానీ రాయను.

కాంట్రాక్టు ఏడో నెలలో ఒక రాత్రి అతను ప్యూరిఫైయర్ల (నూనెను శుభ్రం చేసే యంత్రాల) దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఓడ వేడి సముద్రాల్లో ఉంది, ఇంజిన్ రూములో 45 డిగ్రీలు. ఓడ మీద డాక్టరు లేడు. కనీసం వందమంది ఉండి, మూడు రోజులు మించిన అంతర్జాతీయ ప్రయాణం చేసే ఓడకే డాక్టరు తప్పనిసరి. మేం ఇరవై ఇద్దరం. ఒడ్డు నుంచి ఒక వైద్యుడు రేడియోలో చెబుతుంటే సెకండ్ ఆఫీసర్ మందుల పెట్టె తెరిచి నాలుక కింద మాత్ర పెట్టాడు. మూడో రోజు రేవులో దించాం. ప్రాణం దక్కింది గానీ మళ్లీ ఓడ ఎక్కడానికి పనికిరాడని తేల్చారు.

వైద్యం ఖర్చు దగ్గర కంపెనీ పేచీ పెట్టలేదు. అది మీ 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక పుణ్యమే, కాదనను. అందులో ఎ4.2.1 ప్రమాణం మొదటి పేరా తెరిచి చూడండి. డ్యూటీలో చేరిన రోజు నుంచి స్వదేశం చేరేదాకా నావికుడికి వచ్చిన జబ్బు ఖర్చు ఓడ యజమానిదేనని మొదటి అంశం చెబుతోంది. కావాలని దాచిన జబ్బు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, న్యాయమే. మొత్తానికి అక్కడ అడిగేది ఒకటే: జబ్బు ఎప్పుడు వచ్చింది? దాని కిందే రెండో అంశం. మరణానికీ, దీర్ఘకాల వైకల్యానికీ పరిహారం అనేసరికి ‘వృత్తి వల్ల కలిగిన’ అన్న మాట వచ్చి చేరింది. ఎప్పుడన్నది పోయి, ఎందుకన్నది వచ్చింది. మా ఆయిలర్ ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు.

సిగరెట్లు తాగేవాడు, తండ్రికీ గుండెజబ్బు ఉంది, కాబట్టి ఇది పాత జబ్బు అని కంపెనీ వైద్యుడు రాశాడు. ఓడ ఎక్కేముందు ఇతను ఫిట్ అని సర్టిఫికెట్ ఇచ్చింది కూడా కంపెనీ పంపిన క్లినిక్కే. సైన్ ఆన్ నాడు ఆరోగ్యవంతుడు సైన్ ఆఫ్ నాటికి ఎప్పటి నుంచో రోగి అయిపోయాడు!

చెయ్యి వించిలో (తాళ్లు లాగే యంత్రంలో) నలిగితే పక్కన నలుగురు చూస్తారు, లాగ్ బుక్కులో గంటా నిమిషంతో సహా ఎక్కుతుంది. జబ్బు అలా కాదు. వేడి, మోత, నూనె ఆవిరి, తెగిన నిద్ర నెలల తరబడి ఒంట్లోకి ఇంకుతాయి. పైగా డ్యూటీ దిగినవాడు వెళ్లేది ఇంటికి కాదు, అదే ఇనుప డబ్బాలో పై అంతస్తుకి. తిండి కంపెనీదే, పడక కంపెనీదే, పీల్చే గాలి కూడా కంపెనీ ఫ్యాను తోసినదే. అలాంటి చోట ఇది పని వల్ల, ఇది పని వల్ల కాదు అని గీత గీయమని మంచం మీదున్న మనిషిని అడుగుతున్నారు.

రుజువులు ఎవరి దగ్గరున్నాయో కూడా చెప్పాలి. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 24 గంటల్లో కనీసం 10, వారంలో 77 గంటల విశ్రాంతి ఉండాలన్నది మీ నియమం. బంకరింగ్ (ఓడకు ఇంధనం నింపే) రాత్రులు, జనరేటర్ మొరాయించిన రాత్రులు మాకు ఆరు గంటలు కూడా దక్కేవి కావు. విశ్రాంతి గంటలు రాసే పట్టికలో మాత్రం ముత్యాల్లా పదులే ఉండేవి. ఇన్‌స్పెక్టర్ ఓడను ఆపుతాడన్న భయంతో అలా నింపేవాళ్లం. ఆయిలర్ సంతకం చేశాడు, నేనూ చేశాను. ఇప్పుడు కంపెనీ లాయరు ఫైలులో మొదటి కాగితం అదే. అసలు సంగతి వివరిస్తూ నేను వాంగ్మూలం ఇచ్చాను. ‘అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?’ అని అడిగారు. తల దించుకున్నాను.

అందుకే మేం అడిగేది రుజువు భారం మార్చమని. ఫిట్ అని ఎక్కించుకున్న మనిషికి ఓడలో జబ్బు చేస్తే అది పని వల్లే వచ్చిందని ముందు భావించాలి, కాదనేవాడు నిరూపించుకోవాలి. ఇదేమీ కనీవినీ ఎరగని కోరిక కాదు. వృత్తి జబ్బుల జాబితాలో లేని జబ్బులను కూడా, కాదని రుజువయ్యేదాకా, పనికి సంబంధించినవిగానే భావించాలని ఫిలిప్పీన్స్ నావికుల ప్రామాణిక ఒప్పందంలో ఉంది. అక్కడా కేసులు ఏళ్ల తరబడి సాగుతాయి, కోర్టులు ఆధారాలు అడుగుతూనే ఉంటాయి. అయినా ఆ వాక్యం కాగితం మీద ఉండటానికీ, లేకపోవడానికీ చాలా తేడా ఉంది.

విశ్రాంతి గంటల పట్టిక నకలు నావికుడికి ఇవ్వాలని ఒడంబడికలో ఇప్పటికే ఉంది. మాస్టర్ (కెప్టెన్) నింపే వైద్య నివేదిక సంగతి వేరు. అది గోప్యం, చికిత్సకే వాడాలి అన్నారు. ఉద్దేశం మంచిదే గానీ, నేను చూసిన ఓడల్లో రోగి దాని నకలు లేకుండానే దిగిపోయేవాడు. ఒడ్డున వైద్యుడితో జరిగిన సంభాషణల నకలూ అంతే. గోప్యత రోగి కోసమైతే కాగితం రోగి చేతిలోనే ఉండాలి కదా?

వైకల్యం ఎంతో వెంటనే తేల్చలేకపోతే మధ్యంతర చెల్లింపు ఇవ్వాలని 2014 సవరణల్లో చేర్చారు, అవి 2017 జనవరి 18న అమల్లోకి వచ్చాయి. కారణం మీద తగువు పడ్డప్పుడూ అది వర్తించాలి. వైద్యాన్నీ, జీతాన్నీ 16 వారాలకు పరిమితం చేసుకునే వీలు దేశాలకు ఉంది. ఆ పదహారు వారాలు గడిచాక ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి?

సవరణ చేయాల్సింది ప్రభుత్వాలు, ఓడ యజమానులు, నావికులు ముగ్గురి ప్రతినిధులూ ఉండే త్రైపాక్షిక కమిటీ అనీ, మీరొక్కరు సంతకం పెడితే అయ్యేది కాదనీ తెలుసు. కానీ ఒడంబడికను అంగీకరించిన దేశాల నివేదికలు మీ నిపుణుల కమిటీ ముందుకే వస్తాయి. నావికుడి జబ్బు పని వల్ల వచ్చిందా లేదా అన్న వివాదంలో రుజువు భారం మీ దేశంలో ఎవరిది అన్న ప్రశ్నను ప్రతి దేశాన్నీ అడిగించండి. దానికి సవరణ దాకా ఆగనక్కర్లేదు.

ఏ కమిటీ పిలిచినా నేను వస్తాను. నేను సంతకం పెట్టిన పట్టికల్లో ఏ రాత్రి ఎన్ని గంటలు కల్పితమో తారీఖులతో సహా చెబుతాను.

ఇట్లు,
ఒక మాజీ చీఫ్ ఇంజినీరు