మేకలు, రెండు కార్తీకాలు

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చూసి నవ్వొచ్చింది రా. "యాభై దగ్గర పడుతున్నాం, ఈ ట్రాఫిక్కూ ఈఎంఐలూ వదిలేసి నీలాగే మేకల ఫారం పెట్టుకుని హాయిగా బతుకుదామనుంది" అని రాశావు కదా, అందులో ఆ హాయిగా అన్న ముక్క ఒక్కటీ కొట్టేస్తే మిగతాది ఓకే. ఫోన్లో తేలే విషయం కాదు ఇది, టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

ముందు భూమి సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే గుమ్మ వైపు కొండ మీద వ్యూ బాగున్న నేల చూడమన్నావు. అది మర్చిపో. గుమ్మ, రాయగడ బ్లాకులు (రాయగడ జిల్లా కాదురా, ఒడిశాలో మా గజపతి జిల్లాలోనే ఇంకో రాయగడ ఉంది) షెడ్యూల్డ్ ఏరియా, అక్కడి గిరిజనులు సవరోళ్ల భూమి మనలాంటోళ్లు కొనడానికి 1956 నాటి రెగ్యులేషన్ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే న్యాయం కూడా. ఎవడైనా బ్రోకరు వేరేవాళ్ల పేరు మీద రాయిద్దాం సార్ అంటే దండం పెట్టి వచ్చెయ్. నాదంటే కాశీనగర్ వైపు వంశధార పక్కన నాన్న వాటా ఉంది కాబట్టి సరిపోయింది. అయినా పట్టా అంతా ఒడియాలోనే, మా తాత 1936 మార్చి 31 రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని తెల్లారి లేచేసరికి ఒరిస్సావాడైపోయాడు, దాని ఫలితం నేను ఈ వయసులో అక్షరాలు దిద్దుకుంటున్నాను.

ఇక మేకలు. మొత్తం 60 చిల్లర ఉన్నాయి, అన్నీ గంజాం మేకలే. పొడుగు కాళ్లు, నిలువు కొమ్ములు, ఎక్కువగా నలుపు. నువ్వు పంపిన వీడియోలో ఆయన బ్లాక్ బెంగాల్ పెట్టమన్నాడు, ఒక్కో ఈతకి రెండు మూడు పిల్లలేస్తుంది నిజమే, కానీ అది పొట్టిది, మాంసం తక్కువ. గంజాం మేక ఎక్కువగా ఒక్క పిల్లనే ఈనుతుంది గానీ ఆ పిల్ల ఎత్తుగా బరువుగా తయారవుతుంది, ఎంత దూరమైనా నడుస్తుంది. తరతరాలుగా దీన్ని పెంచింది గంజాం వైపు తెలుగు గొల్లలే. నా దగ్గర ఉన్న పెద్దాయన కూడా వాళ్లలోవాడే, పొద్దున్న చోడంబలి తాగి మందని తోలుకుపోతే మళ్లీ పొద్దుగూకే వేళకే. ఏ మేక చూలుతో ఉందో, ఏది మేత సరిగ్గా తినట్లేదో దూరం నుంచే చెప్తాడు. నా ఎక్సెల్ షీటు ఆయన చెప్పింది ఎక్కించుకోడానికే.

షెడ్డులో కట్టేసి దాణా పెట్టి పెంచితే లక్షలే లక్షలు అని ఆ వీడియోలు చెప్తాయి చూడు, నమ్మకు. దాణా కొని పెడితే మాంసం రేటు దానికే సరిపోతుంది. మేక తిరిగి ఆకు మేస్తేనే మనకి నాలుగు రూపాయలు, షెడ్డు రాత్రికీ వానకీ అంతే. ఇంకోటి, వరి కోతలయ్యాక రైతులు పిలిచి మరీ రాత్రుళ్లు వాళ్ల పొలంలో మంద కట్టించుకుంటారు, పెంటకీ గత్తానికీ డబ్బులో వడ్లో ఇస్తారు. మన ఆఫీసులో ఎవడికైనా రాత్రి పడుకున్నందుకు జీతమిచ్చారా?

లోను సంగతి అడిగావు. కేంద్రం వాళ్ల నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో 2021 నుంచి 100 మేకలు, 5 మేకపోతుల యూనిట్‌కి ఖర్చులో సగం, 10 లక్షలు మించకుండా సబ్సిడీ ఉంది, రెండు విడతల్లో వస్తుంది. నేల కొనడానికి మాత్రం ఇవ్వరు. కాగితాల మీద బాగానే ఉంటుంది, కానీ మేకలు బతికుండాలి కదా.

అసలు పని అదే రా. పీపీఆర్ అని మేకల్ని చంపే వైరస్ జబ్బు ఉంది, దాని టీకా ఒకసారి వేయిస్తే మూడేళ్లదాకా కాస్తుంది, అది వదలకూడదు. తొలకరికి ముందే చిటుక రోగానికి టీకా పడాలి, వానలకి లేత గడ్డి ఆబగా మేసి సాయంత్రం చెంగుచెంగున గెంతిన మేక తెల్లారేసరికి ఉండదు, పైగా పోయేది బాగా బలిసినదే. ఏటి ఒడ్డు తడి గడ్డిలో నత్తలుంటే కార్జపు జలగ, అంటే కార్జంలో చేరే పురుగు, దానికి నట్టల మందు. డాక్టరు గారు పిలిస్తే వస్తారు, కానీ ఆయన చూడాల్సిన ఊళ్లు బోలెడు. తుఫాను భయం వేరే, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాని ఊపేసింది, అందుకే నా షెడ్డు కప్పు కిందకి దించి కట్టించాను, చూస్తే నీకు నచ్చదు.

అమ్మకాల్లో మాత్రం బోర్డరు మీద ఉండటం భలే పనికొస్తుంది. ఒడియావాళ్ల నెల పున్నమికి పున్నమికి, మనది అమావాస్యకి అమావాస్యకి. వాళ్ల కార్తీకం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలైపోతుంది, చివరి అయిదు రోజులు పంచుక అని మరీ నిష్ఠ, నీచు ముట్టరు. పున్నమి మర్నాడు ఛాడఖాయి, అంటే నిష్ఠ వదిలి మాంసం తినే రోజు, ఆ రోజు ఇటు ఒడిశాలో పర్లాకిమిడిలో మాంసం కొట్ల ముందు జనం చూడాలి! అదే రోజు ఏరు దాటి ఆంధ్రాలో పాతపట్నం వెళ్తే మనవాళ్లు ఇంకా సగం కార్తీకంలోనే, దీపాలు పెట్టుకుంటూ. అందుకని పోతుల్ని రెండు బేరాలుగా ఆపుకుంటాను, కొన్ని ఛాడఖాయికి ఇటు, మిగతావి మన కార్తీకం అయిపోయి పోలి స్వర్గం వెళ్లాక అటు, బాగా పెద్దవి ముక్కనుమకి. అమ్మవారి పండగల్లో మొక్కుకి నల్ల పోతే కావాలనేవాళ్లు రేటు కూడా అడగరు. మామూలు రోజుల్లో బేరగాడు నడుం పట్టి చూసి ఇన్ని కేజీలంటాడు, నేను త్రాసు తెస్తానంటే మొహం మాడ్చుకుంటాడు.

మీ చెల్లెమ్మ ఇంకా విశాఖలోనే ఉంది, పాప చదువు అయ్యేదాకా రానంది, నేనూ అడగను. గుణుపురం పాసింజరెక్కి అప్పుడప్పుడూ వస్తుంది, వచ్చినప్పుడల్లా "మేక కంపు కొడుతున్నావు" అంటుంది. నేను వెళ్లడం కష్టం, ఈత సీజన్లో పెళ్లిళ్లకి కూడా పోలేదు, మా తోడల్లుడు ఇంకా మాట్లాడట్లేదు. నువ్వు ఆలోచించాల్సింది డబ్బు కంటే ఇది. ఏడాదికోసారి గోవా, శని ఆదివారాలు బయట భోజనం, ఇవి లేకుండా నీకు నడుస్తుందా అని మా అక్కయ్యని కూర్చోబెట్టి అడుగు, నువ్వే జవాబు చెప్పేయకు.

రిజైన్ మాత్రం ఇప్పుడే చెయ్యకు. జూన్లో, బురదలో, పది రోజులు సెలవు పెట్టి రా, పెద్దాయనతో పాటు మంద వెనకాల తిరుగు. చలికాలంలో వస్తే అందరికీ నచ్చేస్తుంది, ఆ లెక్క లెక్క కాదు. వచ్చేటప్పుడు వంద కేజీలు తూగే వేలాడే త్రాసు ఒకటి పట్టుకురా, ఇక్కడ దొరికింది నాసిరకం, డబ్బులు వచ్చాక ఇస్తాను.

ఉంటాను రా, బయట ఏదో పిల్ల అరుస్తోంది.

నీ
మేకలోడు