ఆటో అన్నకు థాంక్స్

పదో తరగతి లెక్కల పరీక్ష రోజు, తొమ్మిదింపావు. మా బడి పాప తనది కాని సెంటర్ దగ్గర ఏడుస్తోంది. రాయాల్సిన సెంటర్ ఊరికి ఆ చివర, 9:30కి పరీక్ష. లెక్కల మాస్టారికి ఈ టెన్షన్ ఏటా ఉండేదే, కానీ ఆ రోజు కాలూ చెయ్యీ ఆడలేదు.

నేను అడక్కముందే మీరు ఆటో తిప్పారు. ఎక్కి కూర్చున్న ఇద్దరినీ బతిమాలి దింపేశారు (వాళ్లకీ నమస్కారం). హారన్ కొడుతూనే, అద్దంలో పాపను చూసి, "తెలిసినవి ముందు రాసెయ్ తల్లీ, బిట్లు మాత్రం వదలకు" అన్నారు. ఏడాదంతా నేను మొత్తుకున్నదే. మీరు చెబితే తలూపింది! డబ్బులు తీసుకోకపోగా, జేబులోని పెన్ను తీసి, స్పేరుగా ఉంచుకోమని పాప చేతికిచ్చారు.

పాప పాసైందన్నా, లెక్కల్లో 71. స్టాండులో కనబడితే టీ నాది.