ముక్కు మూసుకున్న చోటే

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. "మద్రాసులో మన పాత కంపు ఇంకా అలాగే ఉందా" అని అడిగావు చూడు, దానికి ఒక్క ముక్కలో జవాబు రాయలేను. అందుకే ఈ ఆదివారం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. కరెంటు బిల్లు కట్టమంటే రాని ఓపిక దీనికి ఎక్కణ్ణుంచి వచ్చిందని మా ఆవిడ దెప్పుతోంది.

శాంథోమ్ నుంచి అడయార్ వెళ్ళే బస్సులో కిటికీ సీటు నువ్వంటే నువ్వని తోసుకునేవాళ్ళం, గుర్తుందా? ఆ మలుపులో వచ్చే గాలి భరించలేకే కదా. నల్లటి నీళ్ళు, ఇళ్ళు పడగొట్టి తెచ్చి పోసిన సిమెంటు పెళ్ళలు, మధ్యలో గేదెలు. పోయిన శనివారం మా అమ్మాయి స్కూలు వాళ్ళు పిల్లల్ని సరిగ్గా అక్కడికే తీసుకెళ్ళారు! తోడుగా ఒకరిద్దరు పెద్దవాళ్ళు కావాలంటే నేనూ బయల్దేరాను. అలవాటు కొద్దీ గేటు దగ్గర జేబులోంచి కర్చీఫ్ తీశాను. మా పిల్ల నన్ను వింతగా చూసింది.

ఇప్పుడు దాని పేరు తొల్కాప్పియ పూంగా. పూంగా అంటే అరవంలో పార్కు. తొల్కాప్పియర్ తమిళానికి వ్యాకరణం రాసినాయన. మనమైతే నన్నయ్యగారి పేరు బురదగుంటకి పెడతామా? కానీ ఆయన మాటల్నే కాదు, నేలల్నీ వర్గాలు చేశాడు. సముద్రపు ఒడ్డుకి నెయ్దల్ అని పేరు. అది తెలిశాక, సరైన పేరే పెట్టారనిపించింది.

అడయార్ నది సముద్రంలో కలిసే ముందు పక్కకి తిరిగిన పాయ అది. పాయా ముఖద్వారమూ కలిపి 358 ఎకరాలు, అందులో ముందుగా 58 ఎకరాలు బాగుచేశారు. అంతకుముందు దాన్ని పూడ్చి కట్టడాలు కడతారేమోనన్న గొడవ కోర్టుల దాకా వెళ్ళింది. చెత్త ఎత్తిపోశారు, పూడిక తవ్వారు. అసలు కీలకం మాత్రం ఆటుపోట్లు. సముద్రపు నీరు లోపలికి వచ్చి, మళ్ళీ వెనక్కి పోయే దారి ఉంటేనే అక్కడ మడచెట్లు బతుకుతాయి. నది మూతి దగ్గర ఇసుక మేట వేసిందా, నీళ్ళు నిలిచిపోయి మన పాత కంపు మళ్ళీ తయారు. 2011 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి పార్కు తెరిచారు. ఇప్పుడు గట్ల మీద కానుగ, నేరేడు, పొగడ. నీళ్ళ దగ్గర మడ. మా పిల్ల పీతలు లెక్కపెడుతూ ముప్ఫై దాకా వచ్చి, మళ్ళీ మొదటికొచ్చింది.

అవతలి ఒడ్డున దివ్యజ్ఞాన సమాజం వాళ్ళ తోట ఉంది కదా, ఈ పార్కులో కనబడే పక్షులకి అసలు పుట్టిల్లు అదేనని నా అనుమానం. వాళ్ళు 1882లో అక్కడికొచ్చారు. ఊరంతా అపార్ట్‌మెంట్లు లేస్తున్నా ఆ చెట్ల జోలికి పోలేదు. మనం చూసిన పెద్ద మర్రికి మాత్రం అసలు మాను లేదురా. 1989లో గాలివానకి కూలిపోయింది. ఇప్పుడు నిలబెడుతున్నవి ఊడలే.

ఇదంతా చూశాక నాకొకటి తట్టింది. ఈ ఊళ్ళో మనం ప్రకృతి అనుకునేదాంట్లో సగం మనుషులు తెలిసో తెలియకో చేసిందే. నీకిష్టమైన మెరీనానే తీసుకో. ఒడ్డున రోడ్డూ నడకదారీ వేయించి, 1884 ప్రాంతంలో ఆ పేరు పెట్టింది గవర్నర్ గ్రాంట్ డఫ్. కానీ అంత ఇసుక ఆయన తేలేదు, హార్బర్ తెచ్చింది. ఇక్కడి అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. హార్బర్ గోడ అడ్డం రాగానే ఇసుక ఇటు ఆగి మేటేసింది. అటు రాయపురం, తిరువొత్తియూర్ వైపు ఒడ్డు కోసుకుపోయింది. మనం సుండల్ తింటూ కూర్చున్న ఇసుక వాళ్ళ వాకిట్లోకి చేరాల్సింది, అంతే. నమ్మకపోతే ఐస్‌హౌస్ చూడు. అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మంచుగడ్డలు దాచడానికి 1842లో సముద్రం పక్కనే కట్టారు. ఇప్పుడు అక్కణ్ణుంచి నీళ్ళ దాకా నడిస్తే చెప్పులు చేతిలోకొస్తాయి.

బెసెంట్‌నగర్ బీచిలో మనం రాత్రి పదింటిదాకా కూర్చునే తెల్ల మండపం ఉందే, అది సినిమా సెట్టని పందెం కాసి నా చేత టీ డబ్బులు కట్టించావు. నువ్వే తప్పు! ష్మిట్ అనే డేన్మార్క్ ఆయన, మునిగిపోతున్నవాళ్ళని కాపాడబోయి 1930 డిసెంబర్ 30న అక్కడే పోయాడు. ఆయన గుర్తుగా కట్టారు. ఆ టీ డబ్బులు వడ్డీతో సహా బాకీ.

అదే బీచిలో జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఒక్కోటి వంద పైనే. కాలేజీ పిల్లలు 1988 నుంచీ రాత్రుళ్ళు ఇసుకంతా నడిచి, గుడ్లు ఏరి, కంచె లోపల మళ్ళీ గుంట తీసి పాతుతున్నారు. పిల్ల తాబేలు ఎక్కడ వెలుగుంటే అటు పోతుంది. ఒకప్పుడు ఆ వెలుగు సముద్రానిది, ఇప్పుడు వీధిదీపాలది. రోడ్డెక్కి చక్రాల కింద పడిపోతున్నాయి, పాపం. నెలన్నర దాటాక తాబేలు పిల్లలు బయటికొస్తే, వాటిని ఈ కాలేజీవాళ్ళే నీళ్ళ దాకా చేర్చి వదులుతారు.

మార్చిలో శనివారం రాత్రికి ఇక్కడుండేలా టికెట్ తీసుకో. తెల్లవార్లూ నడవాలి, మోకాళ్ళ నొప్పులని సాకులు చెప్పకు. టార్చిలైటు తేవద్దు, తాబేళ్ళకి పనికిరాదు. కాజాలు మాత్రం మర్చిపోకు.

నీ
పాత రూమ్మేట్