ప్రెస్ దగ్గరికి మళ్లీ ఎలా వెళ్లానంటే

సంపాదకులకు నమస్కారం.

కష్టాలే మనిషిని రాటుదేలుస్తాయని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. గాయపడి డ్యూటీకి తిరిగి వచ్చినవాడికి ఏం పని ఇస్తారన్న విషయం అందులో లేదు. నా వరకు అసలు సంగతి అదే.

నేను పవర్ ప్రెస్ ఆపరేటర్‌ని. అంటే లోహపు రేకును అచ్చులో నొక్కి ముక్కలు తయారుచేసే మెషిన్ నడుపుతాను. ఆరేళ్ల కిందట కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు డై (అచ్చు) కింద పోయాయి. ఆ ప్రెస్‌కు రెండు బటన్లుంటాయి. చేతులు రెండూ బయట ఉండాలని, రెండూ కలిపి నొక్కితేనే పైనున్న స్లైడ్ (అచ్చును కిందికి నొక్కే భాగం) దిగేలా పెట్టారు. టార్గెట్ అందడం లేదని ఒక బటన్‌కు పుల్ల దోపి ఒంటిచేత్తో నడిపేవాళ్లం. నేనూ అలాగే నడిపాను. ఎవరూ వద్దనలేదు.

లేని వేళ్లు నెలల తరబడి నొప్పి పెట్టాయి. పిచ్చెక్కుతోందేమోనని ఒకటే టెన్షన్. 1871లోనే వియర్ మిచెల్ అనే డాక్టర్ ఇలాంటి బాధకు పేరు పెట్టారనీ, మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ గారు దీనికి అద్దంతో వైద్యం కనిపెట్టారనీ ఫిజియోథెరపిస్ట్ చెప్పాక మనసు కుదుటపడింది. అద్దంలో ఎడమచెయ్యి కుడిచెయ్యిలా కనబడుతుంటే పిడికిలి మూసి తెరిచేవాణ్ణి. నాకు చాలావరకు తగ్గింది.

డ్యూటీలో చేరితే స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. జాలితోనే లెండి. రిజిస్టర్‌లో సంతకాలు తీసుకోవడం తప్ప పని లేదు. ఆసుపత్రి రోజులకన్నా ఆ ఏడాదే బరువుగా గడిచింది.

ఒకరోజు కొత్త కుర్రాడొకడు బటన్‌కు పుల్ల దోపుతూ కనిపించాడు. మెషిన్ ఆపి, అతని చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టాను. పుల్ల అతనే తీసేశాడు. ఆ సాయంత్రమే మేనేజర్ గారి దగ్గరికి వెళ్లి, కొత్తవాళ్లకు పని నేర్పే బాధ్యత ఇమ్మని అడిగాను. రెండు నెలల తర్వాత ఇచ్చారు.

ఇప్పుడు మా షిఫ్ట్‌లో గార్డు (చెయ్యి లోపలికి పోకుండా ఉండే అడ్డు), బటన్లు, ఎమర్జెన్సీ స్టాప్ నేను చూశాకే ప్రెస్ మొదలవుతుంది. డైలో ముక్క ఇరుక్కుంటే ముందు కరెంటు ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాకే చెయ్యి పెట్టాలని ఎన్నిసార్లయినా చెబుతాను. విసుగు రాదు.

స్టోర్స్‌లో ఉన్న ఏడాది పొడుగునా, ఆ రోజు ఏం జరిగిందని నన్ను ఎవరూ అడగలేదు. గుర్తుచేస్తే బాధపడతాననుకున్నారు. అడిగి ఉంటే ఆ పుల్ల సంగతి అప్పుడే చెప్పేవాణ్ణి.

- ఒక ప్రెస్ ఆపరేటర్