పరీక్ష అయిపోగానే తలుపులు ముయ్యకండి: వయోజన విద్యా శాఖ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వయోజన విద్యా శాఖ డైరెక్టర్ గారికి నమస్కారం.

మాది గద్వాల వైపు. పగలు ఎవరి పని వాళ్లు చేసుకుంటూ రాత్రిపూట ఆడవాళ్లకి చదువు చెప్పే చిన్న సంఘం మాది. రిజిస్ట్రేషన్ ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, ఊళ్లోవాళ్లు ఇచ్చే చందాలే ఆధారం. మిమ్మల్ని అడగాల్సింది ఒక్కటే కాబట్టి ముందే చెప్పేస్తున్నా. పెద్దలకి చదువు నేర్పే కేంద్ర పథకం ఉల్లాస్ కింద పరీక్ష రాయించి సర్టిఫికెట్ చేతిలో పెట్టాక కనీసం ఇంకో ఏడాది ఆ క్లాసు నడవనివ్వండి, ఆ ఏడాది పనిని మాలాంటి ఊరి సంఘాలకి అప్పజెప్పండి.

2011 జనగణన ప్రకారం మన రాష్ట్రంలో ఆడవాళ్ల అక్షరాస్యత 58 శాతం లోపే, మా జిల్లాలో అయితే ఆడా మగా కలిపి లెక్కేసినా సగం దగ్గరే ఆగింది. చదువులో బాగా వెనకబడ్డ మా గట్టు మండలం సంగతి మీకు తెలియంది కాదు. అందుకే 'అమ్మకు అక్షరమాల' అని చదువు నేర్పే కార్యక్రమం మహిళా సంఘాల సభ్యులతోనే మొదలుపెట్టారని తెలిసినప్పుడు మాకు నిజంగా చాలా సంతోషం వేసింది, ఎందుకంటే లోన్ తీసుకునేది వాళ్లే, కిస్తీ కట్టేది వాళ్లే, తీర్మానం పుస్తకంలో ఏం రాశారో తెలియకుండా వేలిముద్ర వేసేదీ వాళ్లే.

కానీ మా దగ్గర చదువు ఎలా సాగుతుందో కాస్త చెప్పాలి. ఇక్కడ సీడ్ పత్తి, అంటే విత్తనం కోసం వేసే పత్తి ఎక్కువ. పూలకి చేత్తో పుప్పొడి అంటించే క్రాసింగ్ పని నడిచే రెండు మూడు నెలలు ఆడవాళ్లు తెల్లారకముందే చేలో ఉంటారు, సాయంత్రం మళ్లీ మొగ్గలు ఒలవాలి, ఇంటికొచ్చి వంట చేసి పిల్లలకి పెట్టేసరికి ఎనిమిది దాటుతుంది, అప్పుడు పలక పట్టుకోమంటే ఎవరు పట్టుకుంటారు చెప్పండి. పై నుంచి వచ్చిన షెడ్యూల్‌లో మాత్రం ఆ నెలల్లో కూడా క్లాసులు ఉంటాయి, హాజరు పడిపోయిందని రిపోర్టు వెళ్తుంది. ఊళ్లో ఉండే సంఘానికి ఆ ఇబ్బంది రాదు, పత్తి పని ఉన్నన్నాళ్లు ఆపుతాం, పని తగ్గాక రోజూ పెడతాం, వలస పోయినవాళ్లు పండక్కి వస్తే వాళ్లకి విడిగా కూర్చుంటాం.

ఇంకోటి, ఇది చాలామందికి తట్టని విషయం. నలభై దాటినవాళ్లలో చాలామందికి చదువు రాకపోవడానికి కారణం బుర్ర కాదు, చత్వారం. మా క్లాసులో ఒక అక్క నెల రోజులు వచ్చింది, 'అ' కీ 'ఆ' కీ తేడా పట్టలేకపోయింది, "అచ్చరం అలుక్కపోయినట్టు కనపడ్తది సారూ, నాకేం చదువొస్తది" అని మానేస్తానంది. నిజానికి ఆమె చేతిలో ఎంత పనితనం ఉందంటే పత్తి మొగ్గని గోటితో ఒలిచి లోపలి భాగం చెడకుండా పుప్పొడి కాడలు తీసేస్తుంది, అదంతా చేతి అలవాటు మీద చేసేస్తోందన్నమాట. అదే చెయ్యి పెన్సిల్ పట్టుకుంటే ముల్లు విరిగేది, కనపడక అంత గట్టిగా నొక్కేది. దగ్గరి చూపు అద్దాలు తెప్పించి పెట్టాక ముందుగా తన మనవరాలి పుస్తకం అట్ట మీద పేరు కూడబలుక్కుని చదివింది. కంటి వెలుగులో 2018 నుంచి లక్షల మందికి అద్దాలు ఇచ్చింది ఈ రాష్ట్రమే కదా, అలాంటిది చదువులో చేర్చుకునే రోజునే కళ్లు చూపించడం మీకు ఏమంత కష్టం కాదు.

సరే, అసలు విషయానికి వస్తా. పరీక్ష 150 మార్కులకి, చదవడం, రాయడం, లెక్కలు తలా 50. చాలామంది పాసవుతారు, మేం కూడా చప్పట్లు కొడతాం. ఆ తర్వాత? పుస్తకం ఉండదు, క్లాసు ఉండదు, ఇంట్లో పేపర్ రాదు, ఆరు నెలలకి ఒత్తులు పోతాయి, తర్వాత గుణింతాలు పోతాయి, చివరికి సంతకం ఒక్కటే మిగులుతుంది. చిన్నప్పుడు బడిలో ఏళ్ల తరబడి చదివిన చదువు వేరు, పెద్దయ్యాక నాలుగు నెలల్లో పట్టుకున్న అక్షరం వేరు, రోజూ వాడకపోతే నిలవదు. ఉల్లాస్‌కి ముందు సాక్షర భారత్ పథకం ఉన్నప్పుడు పంచాయతీకో కేంద్రం ఉండేది, నెలకి రెండు వేల గౌరవ వేతనంతో ఇద్దరు కోఆర్డినేటర్లు ఉండేవాళ్లు, లోపాలు ఎన్నైనా ఉండొచ్చు కానీ వెళ్లి కూర్చోడానికి ఒక చోటంటూ ఉండేది. 2018 మార్చితో ఆ పథకం ఆగిపోయింది, దాంతో ఆ చోటు కూడా పోయింది.

అక్షరం నిలబడాలంటే వాళ్ల బతుకుకి పనికొచ్చేది చదవాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాల కార్యకర్తలు ఊరూరా తిరిగారు, చదువుకునే పుస్తకంలో సీతమ్మ కథ అని తాగుడు వల్ల పాడైన సంసారం గురించి పాఠం పెట్టారు, ఆ జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్లు అలాంటివి చదువుకుంటూ మాట్లాడుకుంటూ 1992లో సారా మీద తిరగబడ్డారు. వాళ్లని ముందుండి నడిపిన రోశమ్మ గారి పేరు అప్పుడే అందరికీ తెలిసింది. దూబగుంటలో జరిగింది తర్వాతి పుస్తకంలో పాఠమై వస్తే అది చదివి మిగతా ఊళ్లు కదిలాయి, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించింది. మొదటి పుస్తకంతోనే చదువు ఆపేసి ఉంటే ఆ రెండో పాఠం ఎవరు చదివేవాళ్లు?

మా దగ్గర చదవాల్సినవి వేరే ఉన్నాయి. విత్తన కంపెనీకీ రైతుకీ మధ్య ఉండే సీడ్ ఆర్గనైజర్ దగ్గర రాసిచ్చే ప్రామిసరీ నోటు, ఉపాధి హామీ కూలి పడిందో లేదో చూసుకునే పాస్‌బుక్, సంఘం అప్పు లెడ్జర్, పురుగుమందు డబ్బా మీద జాగ్రత్తలు. మేం వీటినే జిరాక్స్ తీసి పెద్ద అక్షరాలతో రాయించి పాఠాలుగా చెప్తున్నాం. ప్రామిసరీ నోటు పాఠం రోజు క్లాసు పదిన్నర దాకా సాగింది, ఖాళీ నోటు మీద వేలిముద్ర వేస్తే ఏమవుతుందో ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉన్నారు, ఇళ్లకి పొమ్మన్నా పోలేదు.

ఉల్లాస్‌లో ఐదు భాగాలున్నాయి, అందులో నిరంతర విద్య ఒకటి, అంటే మేం అడిగేది కొత్తదేం కాదు, మీ కాగితాల్లో ఉన్నదే. వాలంటీర్లం కాబట్టి మాకు జీతాలు అక్కర్లేదు. కానీ గది అద్దె, కరెంటు బిల్లు, జిరాక్సులు, ఒక దినపత్రిక, ఇవి వాలంటీర్ జేబులోంచి ఎన్నాళ్లు వస్తాయండీ? ఆ ఖర్చు నేరుగా ఊరి సంఘం ఖాతాలో వెయ్యండి, లెక్కలు గ్రామసభలో చదివి వినిపిస్తాం, ఇప్పుడు చదువు నేర్చిన ఆడవాళ్లే చదువుతారు. ఈ ఏడాది పరీక్ష ఉత్తర్వుతో పాటే ఆ తర్వాతి ఏడాదికి ఇంకో ఉత్తర్వు ఇవ్వండి, మేం తయారు చేసిన పాఠాలన్నీ మీ జిల్లా ఆఫీసుకి తెచ్చిస్తాం, మిగతా మండలాలు కూడా వాడుకోవచ్చు.

ఇట్లు,
గద్వాల నుంచి ఒక రాత్రి బడి వాలంటీర్