మత్తు విభాగం సిస్టర్ గారికి కృతజ్ఞతలు

పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు సిస్టర్ గారూ, చదివితే మీకే తెలుస్తుంది.

మెదడులోని మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ తీసేశాక మా నాలుగేళ్ల పాపకు తలకూ వెన్నుకూ రేడియేషన్ ఇచ్చారు. వారానికి 5 రోజుల చొప్పున సుమారు 6 వారాలు, ప్రతిసారీ పూర్తి మత్తు. ఆ కిరణాలు నొప్పి పెట్టవు. కానీ ముఖానికి బిగించిన మాస్కుతో, గదిలో ఒంటరిగా, కదలకుండా పడుకోమంటే ఆ వయసు పిల్లలు ఎలా పడుకుంటారు?

మత్తుకు 6 గంటల ముందు ఆహారం, 2 గంటల ముందు నీళ్లు ఆపాలి. ఆకలికి పాప ఏడవడం చూసి, అడగకుండానే మీరు మాట్లాడి మా వంతు పొద్దున మొదటికి మార్పించారు. దాంతో పాప మళ్లీ కడుపునిండా తిని కాస్త ఒళ్లు చేసింది.

పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ మత్తుమందు, మందులెక్కించడానికి ఛాతీ చర్మం కింద అమర్చిన పోర్టులోకి ఎక్కుతున్నంతసేపూ పాపను నా ఒడిలోనే ఉండనిచ్చారు. కళ్లు వాలాక మెడ కింద చెయ్యి వేసి మీరే బల్ల మీదికి తీసుకున్నారు. అందరూ బయటికి వచ్చి బరువైన తలుపు మూసుకున్నాక నాకు కాళ్లు ఆడేవి కావు. మీరు తెర మీద ఊపిరి వదిలినప్పుడల్లా లేచే గీతను వేలితో చూపించి, "చూడండమ్మా, హాయిగా ఊపిరి తీస్తోంది" అన్నారు.

చికిత్స గురించి చెప్పేటప్పుడు మత్తు సిబ్బందిని ఎవరూ తలచుకోరు. అది నాకు న్యాయంగా తోచదు. పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. మీకూ, మీ మత్తు డాక్టరు గారికీ మా ఇంటిల్లిపాది నమస్కారాలు.